మెడమీద మాట

మా ఊరి మీదికి విమానాలు మొదటిసారి వచ్చిన పూట అక్క వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఎండాకాలం అప్పుడప్పుడే ముదురుతోంది. సైరన్ మోగగానే వీధిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తలలెత్తి చూసి, మరుక్షణం తలో దిక్కుకూ పరుగెత్తారు. అక్క మాత్రం తడి దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని దులుపుతూనే ఉంది. ఆమెకు పుట్టుచెవుడు. వీధి ఖాళీ అయిన సంగతి ఆమె గమనించేలోగా నేను గబగబా మెట్లు దిగి వెళ్ళి, జబ్బ పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చాను.

"ఏమిట్రా ఈ ఈడ్పులు? ఉతికిన దుప్పటి మట్టిపాలైంది!" అంది చేతులతో.

మేమిద్దరం చిన్నప్పటి నుంచీ చేతులతోనే మాట్లాడుకుంటాం. ఆ మాటల్ని ఇక్కడ నోటిమాటలుగా మార్చి రాస్తున్నాను. ఆమె విసురులోనూ వెటకారంలోనూ సగమే కాగితం మీదికి వస్తుంది.

ఏమని చెప్పాలో నాకు తోచలేదు. విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివి, ఎవరితోనూ పొత్తు పెట్టుకోకుండా పుస్తకాల ప్రూఫులు దిద్దుకుంటూ బతుకుతున్నవాణ్ణి. మాట కోసం తడుముకోవలసి రావడం నాకు కొత్త. విమానానికి మా దగ్గర సైగ ఉంది. పడిపోవడానికి ఉంది, నిప్పుకు ఉంది, చావుకూ ఉంది. అన్నీ వరుసగా పేర్చి చెబితే ఎక్కడో విమానం కూలి ఎవరో పోయారని అర్థమవుతుంది తప్ప, మన నెత్తిమీదికి ముంచుకొస్తోందని కాదు. మెట్ల కింది ఇరుకులో ఆమెను కూర్చోబెట్టి, జేబులో ఉన్న ప్రూఫు కాగితం వెనక, రేడియో కొన్నాళ్ళుగా వల్లిస్తున్న మాటనే రాసి చూపించాను: వైమానిక దాడి.

అక్క పెదవులు కదుపుతూ చదివింది. "ఇంత పొడుగు మాటా? నువ్వు రాసేలోపు నేను పోతాను. నేను చదివేలోపు నువ్వు పోతావు," అని నవ్వింది.

ఆ నవ్వు ముఖం మీద ఉండగానే నేల అదిరింది. వినికిడి లేనివాళ్ళకు ఆ చప్పుడు అరికాళ్ళలోంచి ఎక్కి పళ్ళలోంచి బయటికి పోతుందట. ఆమె కాగితాన్ని నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ చదివింది. ఈసారి నవ్వలేదు.

అక్క పనిచేసేది ఒక బైండింగ్ షాపులో. బడులు తెరిచేలోగా పాఠ్యపుస్తకాలు తయారుకావాలి కనుక ఎండాకాలమంతా అక్కడ ఊపిరాడని పని. కటింగ్ మిషన్ మోతకు వినేవాళ్ళెవరూ నిలవడం లేదని యజమాని ఒకప్పుడు ఒక చెవిటి మనిషిని పెట్టుకున్నాడు. ఆ మనిషి తనవాళ్ళను తెచ్చుకుంది. చివరికి షాపులో యజమాని ఒక్కడే వినేవాడుగా మిగిలాడు. వాళ్ళలో ఎవరికీ నోటి పేర్లతో పనిలేదు. ఎడమ కనుబొమ్మను చీలుస్తూ పాత గాటు ఉన్న కటింగ్ మిషన్ మనిషి ‘కనుబొమ్మ’. మాట్లాడబోయే ముందు వేలి ఉంగరాన్ని ఒకసారి తిప్పే పెద్దావిడ ‘ఉంగరం’. మొట్టమొదట వచ్చిన మనిషి ఆవిడే. యజమాని ‘బొజ్జ’. ఆ సంగతి ఆయనకు తెలియదు. నన్ను పిలవాలంటే తెరిచిన అరచేతిని పుస్తకంలా ముక్కుకు ఆనిస్తారు. ఆ సంగతి నాకు తెలుసు.

దాడి జరిగిన మర్నాడే యజమాని మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, ఆ దిద్దుడేదో మా షాపులో కూర్చుని దిద్దుకోండి. మీకు పుణ్యముంటుంది. సైరన్ మోగితే వీళ్ళకి చెప్పే దిక్కు లేదు. నేను చెబుదామంటే నా సైగలు చూసి పొట్ట పట్టుకుని నవ్వుతారు. నిన్న నేను చేతులూపుతుంటే, ఏదో పాట పాడుతున్నాననుకున్నారట!"

అలా నేను షాపులో కిటికీ పక్క బల్ల దగ్గర చేరాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఉంగరం అందరినీ కూర్చోబెట్టింది.

"ఈ గండానికి మనకో మాట కావాలి," అంది.

కనుబొమ్మ తక్షణం లేచాడు. రెండు చేతులూ రెక్కల్లా చాపి, బుగ్గలు పూరించి, కుట్టుబల్ల చుట్టూ చక్కర్లు కొట్టి, పెద్ద పేలుడు పేలి, తనే చచ్చి అట్టల గుట్ట మీద వాలిపోయాడు. అక్క కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆమెను నవ్వించడానికే అతను అంత కష్టపడ్డాడని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"బ్రహ్మాండంగా ఉంది," అంది ఉంగరం. "ఈ మాట చెప్పాలంటే రెండు చేతులు, బోలెడు చోటు, కావలసినంత తీరిక ఉండాలి. సూదీ దారం పట్టుకున్నదానికి ఖాళీ చేతులెక్కడివి?"

దీపం ఆర్పి వెలిగిస్తే సరిపోతుందేమో అన్నాను.

"ముందు పోయేది కరెంటే కదయ్యా. ఆ తరవాత మనం దిగేది ఎక్కడికి? కింద కాగితాల కొట్లోకి. అక్కడ తలుపు వేస్తే నా చెయ్యి నాకే కనబడదు. పైన మనం చెవిటివాళ్ళం. కింద మూగవాళ్ళం కూడా."

ఉంగరం లేచి అక్క వెనక్కి వెళ్ళింది. అరచేతిని ఆమె మెడవెనక, జుట్టు మొదలయ్యేచోట ఆనించి, చిన్నగా నొక్కింది. అక్క తల దానంతటదే వంగింది. వీపు వంగింది. ముడుచుకుంది. అర్థమేమిటని అక్క అడగలేదు, చూస్తున్నవాళ్ళూ అడగలేదు.

"దగ్గరుంటే పక్కవాళ్ళ మెడమీద," అంది ఉంగరం. "దూరంగా ఉంటే అందరికీ కనబడేలా మన మెడమీదే. ఒక్క చెయ్యి చాలు. చీకట్లోనూ వినబడుతుంది."

‘వినబడుతుంది’ అనే ఆమె అంది. నేను నిఘంటువుల్లో ఎన్నో మాటల పుట్టుపూర్వోత్తరాలు చదివాను. కళ్ళెదుట ఒక మాట పుట్టడం చూసింది అదొక్కసారే.

పుట్టిన వారంలోనే అది మమ్మల్ని నానా అవస్థలూ పెట్టింది. ఎండకు చెమట కారిపోతుంటే యజమాని ఒకరోజు మామూలుగా తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. షాపు షాపంతా బల్లల కిందికి దూరింది. జిగురు బాల్చీ బోర్లా పడింది.

"నా మెడ నేను తుడుచుకోవడానికి కూడా వీళ్ళ పర్మిషన్ కావాలా!" అని ఆయన నా మీద కేకలేశాడు. "చెప్పండి మాస్టారూ, ఇంక చెమట ఎక్కడ తుడుచుకోమంటారో!"

ఆనాటి నుంచి ఆ కప్పు కింద ఎవరూ మెడవెనక్కి చెయ్యి పోనివ్వలేదు. దోమ కుట్టినా, చెమట కాలరులోకి జారినా ఓర్చుకునేవారు. చదువుకుంటూ మెడ రుద్దుకునే అలవాటు నాకుండేది, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయేది.

విమానాలు ఎప్పుడూ పగలే వచ్చేవి. సైరన్ మోగగానే నేను లేచి నిలబడి నా మెడమీద చెయ్యి వేసుకునేవాణ్ణి. చూసినవాళ్ళు చూడనివాళ్ళ మెడ నొక్కేవారు. మాట అలా చేతిలోంచి చేతిలోకి షాపు చివరిదాకా పాకేది. అందరం కాగితాల కొట్లోకి దిగేవాళ్ళం. నేను పై మెట్టు మీద తలుపుకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. కనుబొమ్మది కింది మెట్టు, అతని పక్కన అక్క. దాడి ముగిసిన సైరన్ వినగానే గడియ తీసి తలుపు బయటికి తోసేవాణ్ణి. మెట్ల మీద వెలుతురు పడేది. ఆ వెలుతురులో మొదట కనిపించేవి కనుబొమ్మ చేతులు. "బతికాం, పదండి, పుస్తకాలు ఏడుస్తున్నాయి," అనేవి. దాడి వచ్చిందనడానికి అంత ఆలోచించి మాట చేసుకున్నవాళ్ళం, ముగిసిందనడానికి మాట కావాలని ఎవరమూ అనుకోలేదు. తలుపు తెరుచుకుంటే ముగిసినట్టే.

మాట మెల్లగా షాపు దాటి మా ఇంటికీ వచ్చింది. ఇంటిగలావిడ కబుర్లకని మెట్లెక్కి వస్తుంటే అక్క నావైపు చూసి, గంభీరంగా మెడమీద చెయ్యి వేసుకునేది. నేను నవ్వు ఆపుకోలేక పుస్తకంలో తలదూర్చేవాణ్ణి. కనుబొమ్మ యజమాని రాకకు అదే వాడేవాడు. ఒకసారి ఉంగరం అది చూసి అతని చేతిమీద ఒక్కటి వేసింది.

"ఆ మాటతో ఆటలొద్దు. ఆడుకుంటే మెడ దానికి అలవాటు పడిపోతుంది. అసలు పూట వంగదు."

"సరే పెద్దమ్మా," అని అతను లెంపలు వేసుకుని, ఆవిడ అటు తిరగగానే అక్క వైపు చూసి కన్నుగీటాడు.

ఒక సెలవురోజు అతన్ని అక్క ఇంటికి తీసుకొచ్చింది. వస్తూనే అతను జేబులోంచి సుద్దముక్క తీసి, నా పుస్తకాల దొంతరలు పక్కకు జరిపి, గచ్చు మీద పెద్ద నలుచదరం గీశాడు. ఒకవైపు తలుపు, ఒకవైపు కిటికీ.

"ఏమిటిది?" అన్నాను.

"గది," అంది అక్క. "నదివైపు వీధిలో చూశాం. ఈ బడిపుస్తకాల పని అయిపోగానే మేమిద్దరం అందులోకి వెళ్తున్నాం."

ఆమెకు నలభై దాటాయి. అమ్మ పోయినప్పటి నుంచీ మా ఇల్లంటే మేమిద్దరమే.

"మరి నా సంగతి?" అన్నాను.

"నీకు అన్నం వార్చుకోవడం కూడా రాదని చెప్పాను. పూటపూటా వచ్చి తినిపొమ్మంటున్నాడు."

"పుస్తకం తేకుండా వస్తేనే," అన్నాడు కనుబొమ్మ.

ఇద్దరూ సుద్దగీతల మధ్య నిలబడి, పొయ్యి ఎక్కడ పెట్టాలో, మంచం ఎటు వేయాలో వాదించుకున్నారు. అతను గీసిన మంచాన్ని ఆమె కాలితో చెరిపేసి ఇంకోచోట గీసింది. అతను మళ్ళీ చెరిపాడు. చెప్పులు వేసుకుని పొయ్యి మీదుగా నడిచానని అక్క నన్ను తిట్టింది. వాళ్ళ వెనక గోడకానుకుని నిలబడ్డ నాకు ఒక్క కోరికే కలిగింది: ఈ ఎండాకాలం గడిచి ఆ గదికి గోడలు రావాలి. ఒంటరితనం నాకు కొత్తకాదు, నా తిప్పలు నేను పడతాను. విమానాలు వెళ్ళిపోవాలి, బడులు తెరవాలి, వీళ్ళు నదివైపు వీధికి వెళ్ళాలి. దేనికోసమైనా అంత గట్టిగా ఎదురుచూసింది నా జన్మలో అదే.

పుస్తకాలు చివరికొచ్చాయి. ఆఖరి అచ్చు ఫారాల్లో ఏదో పేజీ తారుమారైందని ప్రెస్సు నుంచి కబురొస్తే, ఆ ఉదయం నేను అక్కడికి వెళ్ళాను. షాపులో సైరన్ సంగతి చూసుకుంటానని యజమాని మాటిచ్చాడు. "మెడమీద చెయ్యి వేసుకోవడమేగా మాస్టారూ. అది మాత్రం నాకు బాగా వచ్చు."

ప్రెస్సులో ఉండగానే సైరన్ మోగింది. అక్కడివాళ్ళతోపాటు నేనూ నేలకింద తలదాచుకున్నాను. ఆ రోజు దాడి రెండు విడతలుగా వచ్చింది. మొదటిది ఆగాక చాలాసేపు నిశ్శబ్దం. విమానాల గుర్రుమనే మోత మాత్రం దూరంగా వినిపిస్తూనే ఉంది. తరవాత రెండోది. ముగిసిన సైరన్ మోగేసరికి మధ్యాహ్నమైంది.

నేను పరుగెత్తుతూ వచ్చాను. షాపు వీధి మొగలో గోడ ఒకటి పడిపోయి దారి మూసేసింది. రాళ్ళమీదుగా ఎక్కి దిగాను. షాపు ముందుభాగం కూలింది. వెనక భాగం నిలబడే ఉంది. కాగితాల కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీద వెలుతురు పడుతోంది. కానీ ఎవరూ పైకి రాలేదు.

వంగి చూశాను.

అందరూ బతికే ఉన్నారు. కాగితపు రీముల మధ్య వరుసగా, తలలు వంచుకుని కూర్చున్నారు. ప్రతివాళ్ళ చెయ్యీ ముందున్నవాళ్ళ మెడమీద ఉంది. ఉంగరం చెయ్యి ఒక కుట్టుపనివాడి మెడమీద, అతని చెయ్యి మరొకరి మెడమీద, అలా అలా యజమాని దాకా. ముగిసిన సైరన్ విన్న యజమాని చెయ్యి కూడా అక్క మెడమీదే. దాడి ముగిసి చాలాసేపైనా ఆ మాట అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది. నా నీడ మెట్ల మీద పడినా ఒక్కరూ తలెత్తలేదు.

వరుసలో అందరికన్నా ముందు, మెట్ల మొదట్లో, అక్క ఉంది. తల వంచుకుని, కుడిచెయ్యి ముందుకు చాపి ఉంది. అరచెయ్యి గాలిలో ఉంది. దాని కింద ఏ మెడా లేదు.

కనుబొమ్మ ఇక లేడని నాకెవరూ చెప్పనవసరం లేకపోయింది.

కిందికి దిగాను. ఎవరు ఏం చెప్పినా నమ్మే స్థితిలో లేరు. ఒక్కొక్కరి వేళ్ళూ విడదీసి, ఒక్కొక్క మెడమీది నుంచి చెయ్యి తీసి, ఒడిలో పెట్టాల్సి వచ్చింది. అక్క చెయ్యి తీయడానికి దాని కింద ఏమీ లేదు కనుక, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించాను. బిగుసుకుపోయి ఉంది.

జరిగింది యజమాని తరవాత చెప్పాడు. ఆయన మెట్ల దగ్గర కూలబడి, ముఖం గోడకు తిప్పుకుని చెప్పాడు.

"పై మెట్టు మీద మీలాగా కూర్చునే ధైర్యం నాకెక్కడిది మాస్టారూ? కింద అందరి మధ్యా కూర్చున్నాను. మొదటి విడతలో చివర పడ్డదానికి గడియ ఊడిపోయింది. తలుపు దానంతటది తెరుచుకుంది. మీరు తీస్తే ఎలా తెరుచుకుంటుందో అలాగే, మెత్తగా. వెలుతురు పడింది. అతను లేచాడు. రోజూలాగే ‘పదండి’ అన్నాడు. మీ అక్కగారు వెనకే లేచారు. నాకేమో పైన మోత వినబడుతోంది. అరిచాను మాస్టారూ, గొంతు చిరిగేలా అరిచాను. ఎవరికోసం అరిచానో! అప్పుడు గుర్తొచ్చి, చేతికి అందిన మెడ పట్టుకుని నొక్కాను. ఆమె వంగింది. వంగుతూనే ముందుకు చెయ్యి చాపింది. అతను అప్పటికే నాలుగు మెట్లు ఎక్కేశాడు. వీపు ఇటే ఉంది. అందలేదు."

ఆయన మళ్ళీ అన్నాడు: "ఇంత దూరం. అందలేదు."

మర్నాడు నేను లేచేసరికి అక్క గచ్చు కడుగుతోంది. ఇల్లంతా ఒకేసారి, మామూలుగా, గది మూల నుంచి వాకిలి దాకా కడిగింది. నా పుస్తకాల దొంతరలు మళ్ళీ వాటి చోటుకు చేర్చింది. నేను సాయం పట్టబోతే, "తడి మీద తొక్కకు," అంది.

వానలు పడ్డాయి. విమానాలు రావడం మానేశాయి. వైమానిక దాడుల ప్రమాదం ఇక లేదని రేడియో ప్రకటించింది. పెద్దలెవరో సంతకాలు చేశారట. వీధి చివర స్తంభం మీది సైరన్ దించేశారు. బడులు తెరిచారు. ఆ ఏడు పాఠ్యపుస్తకాలు కొన్నింటికి అట్టల మీద మట్టి మరకలుండేవి.

షాపు మళ్ళీ లేచి నిలబడ్డాక ఉంగరం ఒక మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టింది. ఉంగరం తిప్పింది. "మనం ఒక మాట చేసుకోకుండా వదిలేశాం," అంది. "ముగిసిందని చెప్పే మాట. ఇప్పుడైనా చేసుకోవాలి."

ఒకరు భుజం తట్టడం బాగుంటుందన్నారు. మరొకరు గడ్డం పట్టుకుని తల పైకెత్తడం అన్నారు. అందరి చేతులూ ఒకేసారి లేచాయి. అక్క మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. ఎవరో ఆమె మోకాలు తట్టి, నువ్వేమంటావని అడిగారు.

ఆమె సూది కింద పెట్టింది. "ముగిసిందని మనకి వీడు చెబుతాడు," అంది నన్ను చూపించి. "వీడికి సైరన్ చెబుతుంది. సైరన్‌కి ఎవరు చెబుతారు?"

ఆమె మళ్ళీ సూది అందుకుంది. ఆ మాట ఇప్పటికీ లేదు.

నదివైపు వీధిలోకి ఆమె మళ్ళీ పోలేదు. ఇద్దరం ఆ ఇంట్లోనే ఉన్నాం, ఇద్దరికీ జుట్టు నెరిసింది. బయటికి వెళితే ఆమె నా పక్కన నడవదు, ముందు నడవదు. నా వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో నడుస్తుంది. సంతలో, బస్సుస్టాపులో, ఆసుపత్రి వరండాలో నేను ఆగితే ఆగుతుంది, వేగం పెంచితే పెంచుతుంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం దగ్గరికి జరుగుతుంది. వెనక్కి తిరిగి చూడకుండానే ఆమె ఎక్కడుందో నా మెడకు తెలుస్తుంది. జుట్టు మొదలయ్యేచోట చర్మం చల్లబడుతుంది.

నేను ఒంటరిగా బయటికి వెళ్ళాల్సిన రోజుల్లో ఆమె వాకిలి దాకా వస్తుంది. నేను చెప్పులు వేసుకుని, గడప ముందు, ఆమెకు వీపు పెట్టి నిలబడతాను. గొడుగు తీసుకున్నానా లేదా, ఎప్పటికి వస్తాను లాంటి ప్రశ్నలేవీ ఉండవు. అరచెయ్యి వచ్చి నా మెడమీద ఆనుతుంది. ఆమె నొక్కదు. నేను వంగను. వీధిలో సైకిళ్ళు పోతుంటాయి, కూరగాయల బండివాడు కేకేస్తుంటాడు, ఆకాశంలో ఏమీ ఉండదు. ఒక్కోసారి కొన్ని క్షణాలు, ఒక్కోసారి చాలాసేపు. బస్సులు తప్పిపోయిన రోజులున్నాయి. చెయ్యి తీసేయమని నేనెప్పుడూ అడగలేదు. ఆమె తీసేదాకా గడప దాటను.